బుద్ధుడున్నాడు, ధమ్మం ఉంది... సంఘం ఎక్కడ?

గడచిన వైశాఖ పౌర్ణమి సాయంత్రం సూర్యలంక తీరంలో, సరుగుడు తోపు పక్కన, నలభై మందిమి కూర్చున్నాం. తెనాలి, రేపల్లె, బాపట్లల నుంచి వచ్చిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు రైల్వే కార్మికులు, నా దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థులు, వాళ్ల కుటుంబాలు. త్రిశరణం చెప్పుకున్నాం. పంచశీల పలికాం. బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలను ఒకరు చదువుతుంటే మిగిలినవాళ్లం అనుసరించాం. ఆ తరువాత ఆనవాయితీ ప్రకారం ఉపన్యాసాలు. నేనూ ముప్పావుగంట మాట్లాడాను. బౌద్ధం భారతదేశపు తొలి సామాజిక విప్లవమని, కులానికి విరుగుడని వివరించాను. చప్పట్లు కొట్టారు.

భోజనాల వేళ ఒక వృద్ధురాలు నా పక్కన కూర్చున్నది. మనవడి వెంట వచ్చింది. బాపట్ల దగ్గరి ఒక పల్లెలో, మాదిగపల్లెలో ఉంటుంది. మెల్లగా అడిగింది: "నాయనా, అంతా బానే చెప్పావు. ఆదివారం నేను చర్చికి పోకపోతే సోమవారం పొద్దున పాస్టరమ్మ గుమ్మంలోకొచ్చి ఎందుకు రాలేదని అడుగుద్ది. జ్వరమొస్తే నలుగురొచ్చి ప్రార్థన చేస్తారు. చచ్చిపోతే పెట్టె చేయించి, పాట పాడి, సమాధుల తోటలో పెడతారు. మీ బుద్ధుడి దగ్గర నేను రాకపోతే అడిగేవోళ్లెవరు?"

సమాధానం చెప్పలేకపోయాను. "నిజమే పెద్దమ్మా" అని మాత్రం అనగలిగాను. ఇరవై ఏళ్లుగా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నాను. సెమినార్లలో వేసే ప్రశ్నలకు పుస్తకాలలో జవాబులు దొరుకుతాయి. ఆమె ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉండేది కాదు. అది మన ఆచరణలో ఉండాలి, లేదా లేదని ఒప్పుకోవాలి.

బౌద్ధానికి రత్నాలు మూడు. బుద్ధుడు, ధమ్మం, సంఘం. తెలుగు నేల మీద గడచిన నాలుగు దశాబ్దాలలో మనం మొదటి రెంటినీ చాలావరకు సంపాదించుకున్నాం. బుద్ధుడి బొమ్మ లేని అంబేడ్కరైట్ ఇల్లు అరుదు. ధమ్మం గురించి పుస్తకాలు వచ్చాయి, వ్యాసాలు వచ్చాయి, పిహెచ్.డి.లు వచ్చాయి. మూడో రత్నం మాత్రం నోటి మాటగానే మిగిలింది. 'సంఘం శరణం గచ్ఛామి' అంటున్నాం. వెళ్లి శరణు పొందడానికి ఆ సంఘం ఏ వీధిలో ఉన్నదో చెప్పలేకపోతున్నాం.

డెల్టా దళితవాడలలో 'సంఘం' అనే మాటకు ఇప్పటికే రెండు అర్థాలున్నాయి. చర్చికి వెళ్లేవారికి సంఘం అంటే విశ్వాసుల సమూహం. పాస్టరు సంఘ కాపరి. ఉద్యమంలో పెరిగినవారికి సంఘం అంటే దళిత సంఘం, యువజన సంఘం, కూలి సంఘం. మొదటిది వారం వారం కలుస్తుంది. రెండోది దాడి జరిగినప్పుడు, ఎన్నికలు వచ్చినప్పుడు, ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న కలుస్తుంది. బుద్ధుడి సంఘం ఈ రెంటిలో ఏదీ కాదు. అయితే రెంటి నుంచీ నేర్చుకోవలసింది ఉన్నది.

తెనాలి జంక్షన్ నుంచి దక్షిణంగా రెండు రైలు దారులు బయలుదేరతాయి. ఒకటి భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు పోతుంది. మరొకటి చుండూరు, నిడుబ్రోలు, బాపట్లల మీదుగా చీరాల వైపు సాగుతుంది. నా దృష్టిలో అవి మన సంఘ చరిత్రలోని రెండు అధ్యాయాలు.

మొదటి దారిలోని భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతు కరండాలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ లిపి దక్షిణాదిలో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటని లిపి శాస్త్రజ్ఞులు చెబుతారు. మన పాఠ్యపుస్తకాలు లిపి దగ్గరే ఆగిపోతాయి. ఆ అక్షరాలు ఏం చెబుతున్నాయన్నది అంతకంటె ముఖ్యం. అవి ప్రధానంగా పేర్ల జాబితాలు. 'గోఠి' అనే సభ, 'నిగమం' అనే పట్టణ సమాజం, వాటి సభ్యుల పేర్లు వరుసగా చెక్కి ఉన్నాయి. కుబిరకుడనే రాజు పేరూ ఉంది. అతడు కూడా ఒక గోష్ఠికి ప్రముఖుడిగానే కనిపిస్తాడు. ఒక స్ఫటికం మీద స్త్రీల దానం ప్రస్తావన ఉంది. అంటే రెండువేల ఏళ్లకు పూర్వం కృష్ణా డెల్టాలో ఆ స్తూపాన్ని నిలబెట్టింది ఒక చక్రవర్తి ఔదార్యం కాదు. కలిసి కూర్చుని, కలిసి నిర్ణయించి, కలిసి ఖర్చు పెట్టుకున్న మనుషుల సమూహం.

అమరావతి శాసనాలలోనూ ఇదే కనబడుతుంది. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, ఉద్యోగులు తలా ఒక రాయి ఇచ్చారు. వారిలో విధికుడనే చర్మకారుడున్నాడు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను సమర్పించాడు. తోలు పని చేసే వాని తండ్రి ఉపాధ్యాయుడు కావడం, అతని పేరు మహాచైత్యం మీద నిలవడం ఏ సమాజంలో సాధ్యమైందో ఆలోచించండి. ఇవాళ ఆంధ్రప్రదేశ్ అధికార చిహ్నం నడుమ ఉన్న పూర్ణఘటం ఆ అమరావతి శిల్ప సంప్రదాయం నుంచి తీసుకున్నదే. ప్రభుత్వ కాగితం మీద ఘటం ఉన్నది. ఆ ఘటాన్ని ఇచ్చిన చర్మకారుని వారసులు నేటికీ ఊరి బయట ఉన్నారు.

పంతొమ్మిదో శతాబ్దంలో భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్డు కిందికి, చెక్కిన పాలరాళ్లు కాలువ కట్టడానికి తరలిపోయాయి. అయితే రాళ్లను కూల్చకముందే సంఘం కూలిపోయింది. విహారం చుట్టూ బతికే గృహస్థుల సమూహం చెదిరిపోయాక విహారం మట్టిదిబ్బ కావడానికి ఎంతో కాలం పట్టదు. నేటి విగ్రహ నిర్మాతలు మరచిపోకూడని పాఠం ఇది.

రెండో దారిలో చుండూరు ఉంది. దాని కొసన చీరాల, చీరాల పక్కన కారంచేడు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఇక ఆ ఊరికి తిరిగి వెళ్లబోమన్నారు. అదే సంవత్సరం సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. ఆ శిబిరాన్ని మన చరిత్రకారులు ఉద్యమ కేంద్రంగా వర్ణించారు. అది నిజమే. కానీ అది ఒక సామూహిక జీవితం కూడా. ఒకే పొయ్యి, ఒకే పంక్తి, రాత్రి కూర్చుని చేసుకున్న నిర్ణయాలు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి, గోనె సంచులలో కుక్కి కాలువలో పడేసినప్పుడు, శవాలను ఊరి నడుమకు తెచ్చి పాతిపెట్టి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. అంత్యక్రియను ఒక రాజకీయ, నైతిక ప్రకటనగా మార్చిన సంఘటన అది. ఆ నేల మీదనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటయింది. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది.

ఈ ప్రాంతపు దళితులకు బుద్ధుడు ముఖ్యంగా ఈ ఉద్యమాల దారినే వచ్చాడు. పొన్నూరులో కత్తి పద్మారావు తన నివాసానికి లుంబినీ వనమని పేరు పెట్టుకోవడం, బొజ్జా తారకం వంటివారు అంబేడ్కర్ రచనలను తెలుగు పాఠకులకు చేర్చడం ఆ క్రమంలోనివే. కానీ శిబిరం ఎత్తివేశాక ఆ సామూహిక జీవితం ఏమైంది? కోర్టు తీర్పు వచ్చిన రాత్రి ఆ వితంతువుల పక్కన కూర్చోవడానికి మన దగ్గర ఏ వ్యవస్థ ఉన్నది? ఖండన ప్రకటనలు వెలువడ్డాయి. అవి అవసరం. ప్రకటన పత్రికకు చేరుతుంది; మనిషి పక్కన కూర్చోదు.

బాబాసాహెబ్ ఈ లోటును ముందే చూశారు. 1950లో బౌద్ధం భవిష్యత్తు గురించి రాసిన వ్యాసంలో ఆయన భిక్షువుల తీరును నిర్మొహమాటంగా విమర్శించారు. సంఖ్య తక్కువైనా చదువుకున్నవారు, ప్రజలకు సేవ చేసేవారు కావాలన్నారు. క్రైస్తవ మత గురువుల నుంచి, ముఖ్యంగా జెస్యూట్ల నుంచి కొన్ని లక్షణాలను బౌద్ధ సంఘం అరువు తెచ్చుకోవాలని సూచించారు. 'బుద్ధుడు-ఆయన ధమ్మం' పీఠికలో, భిక్షువు పరిపూర్ణ మానవుడు కావాలా, సమాజ సేవకుడు కావాలా అనే ప్రశ్న లేవనెత్తి, దాని మీదనే బౌద్ధం భవితవ్యం ఆధారపడి ఉందన్నారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందికి దీక్ష ఇచ్చి, ఏడు వారాల తరువాత డిసెంబర్ 6న ఆయన వెళ్లిపోయారు. దీక్ష తరువాతి జీవితాన్ని నిర్మించే పని మన మీద పడింది.

మహారాష్ట్ర ఆ పని కొంతవరకు చేసింది. అక్కడ బౌద్ధ బస్తీలలో చిన్నదో పెద్దదో ఒక విహారం ఉంటుంది. వర్షావాసం మూడు నెలలూ సాయంత్రాలు బాబాసాహెబ్ గ్రంథాన్ని బిగ్గరగా చదువుతారు. చాలాచోట్ల ఆ పఠనం, వందన నడిపేది మహిళా మండళ్లే. పెళ్లి, నామకరణం, మరణం అన్నిటికీ బౌద్ధ విధి ఉంది. సంఘరక్షిత ప్రేరణతో 1979లో మొదలైన త్రైలోక్య బౌద్ధ మహాసంఘం ధ్యాన శిబిరాలు, విద్యార్థి వసతి గృహాలు, కలిసి నివసించే కుటీరాల ద్వారా మరో నమూనాను చూపింది. నాగపూర్‌లోని నాగలోక్‌కు వేర్వేరు రాష్ట్రాల నుంచి యువతీయువకులు వచ్చి, కొన్ని నెలలు ఒకేచోట ఉండి, ఒకే వంట తిని, బౌద్ధాన్నీ అంబేడ్కర్‌నూ చదువుకుంటారు. అలా ఉండి వచ్చిన మా ప్రాంతపు విద్యార్థి ఒకడు నాతో అన్నాడు: "సార్, అక్కడ నేను నేర్చుకున్న ధమ్మంలో సగం గిన్నెలు తోమే వంతులో నేర్చుకున్నాను."

మన దగ్గర పరిస్థితి వేరు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బౌద్ధులుగా నమోదైనవారు నలభై వేలకు లోపే. షెడ్యూల్డు కులాల వారు కోటీ ముప్పై ఎనిమిది లక్షలు. ఈ అంతరానికి ఒక చారిత్రక కారణం ఉంది. 1842లో హయ్యర్ గుంటూరుకు వచ్చిన నాటి నుంచి లూథరన్లు, బాప్టిస్టులు, సాల్వేషన్ ఆర్మీ ఈ పల్లెలలో బడి, ఆసుపత్రి, ఆదివారపు కూడిక ఏర్పరిచారు. మా అమ్మ అక్షరాలు నేర్చుకున్నది అలాంటి బడిలోనే. ఊరి గుడి మమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టిన కాలంలో చర్చి లోపలికి పిలిచి బల్ల మీద కూర్చోబెట్టింది. ఆ రుణాన్ని కాదని మాట్లాడే బౌద్ధం మా పల్లెలలో ఒక్క ఇంటిలోనూ అడుగు పెట్టలేదు, పెట్టకూడదు కూడా.

రెండో కారణం చట్టంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవ దళితులకు నేటికీ లేదు. అందుకే డెల్టాలో ఒక మనిషి కాగితంలో హిందువు, ఆదివారం క్రైస్తవుడు, ఏప్రిల్ 14న బౌద్ధుడు. ఈ మూడు ముక్కల బతుకును చూసి నవ్వేవారున్నారు. నవ్వవలసింది ఆ మనిషిని చూసి కాదు, విశ్వాసానికీ హక్కుకూ మధ్య ఎంచుకోమన్న ఉత్తర్వును చూసి. క్రైస్తవ దళితుల హోదా కోసం నిలబడటం బౌద్ధుల బాధ్యత. హోదా దొరుకుతుందన్న కారణంతోనే బౌద్ధంలోకి రమ్మనడం ధమ్మానికి అవమానం.

ఇక మన లోపలి మాట. నేను మాలపల్లెలో పుట్టాను. ఈ విషయం ఇక్కడ చెప్పకుండా ముందుకు సాగడం నిజాయితీ కాదు. ఆ సాయంత్రం సూర్యలంకలో కూర్చున్న నలభై మందిలో మాదిగలు నలుగురైదుగురే. ఆ వృద్ధురాలు వారిలో ఒకరు. మహారాష్ట్రలోనూ ఉద్యమం ప్రధానంగా మహర్లలోనే నిలిచిపోయి, మాంగులను పెద్దగా చేర్చుకోలేకపోయిందన్న విమర్శ ఉంది. కారంచేడు మృతులు మాదిగలు. చుండూరులో దాడికి ప్రధానంగా గురైనవారు మాలలు. ఆ రెండు నెత్తుటి మడుగుల నుంచి ఒక ఉమ్మడి దళిత చైతన్యం పుట్టింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలై, వాటా ఎవరికెంత అని అడిగినప్పుడు ఆ ఉమ్మడితనం బీటలు వారింది. అడిగినందువల్ల కాదు, అడిగినదానికి మేము సరైన జవాబు ఇవ్వనందువల్ల.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. కొందరు మిత్రులు ఇప్పటికీ, 'మనమంతా బౌద్ధులం, మనకు ఉపకులాలెక్కడివి' అంటూ వర్గీకరణను వ్యతిరేకిస్తున్నారు. బుద్ధుణ్ని తెరగా కట్టుకుని వాటాను దాచుకోవడం ఇది. అదత్తాదానం నుంచి విరమిస్తానని శీలం తీసుకున్నవాడు ముందు తన విస్తరిలో పక్కవాడి ముద్ద ఉందేమో చూసుకోవాలి. వాటా తేలాకే పంక్తి భోజనానికి అర్థం ఉంటుంది. అయితే వాటా పంచుకున్నంత మాత్రాన పంక్తి దానంతటదే ఏర్పడదు. పెళ్లి సంబంధాల దాకా, పాడె మోసే దాకా వెళ్లవలసిన ఆ పని చట్టం చేయలేదు, సంఘం చేయాలి.

ఇక్కడ హేతువాద మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. క్రతువులను కాదనుకుని బయటికొచ్చాం, మళ్లీ వందనలు, విధులు ఎందుకు అని. దీనికి తెనాలి చరిత్రలోనే సమాధానం ఉంది. త్రిపురనేని రామస్వామి సంస్కృత మంత్రాలను తోసిపుచ్చి తెలుగులో వివాహ విధిని రాశారు. పెళ్లి జరిపించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న అని ఆయన గ్రహించారు. ఆ సంస్కరణ మాలపల్లె, మాదిగపల్లెల దాకా రాకపోవడం దాని పరిమితి; కానీ దాని తర్కం సరైనది. ప్రత్యామ్నాయ విధి లేనిచోట పాత పురోహితుడు తిరిగి వస్తాడు. 22 ప్రతిజ్ఞలను ఫ్రేము కట్టి గోడకు తగిలించిన ఇళ్లలోనే పెళ్లి ముహూర్తానికి పంచాంగం తెరవడం నేను చూశాను. ఆ ఇంటివారిని నిందించి లాభం లేదు. పెళ్లినాడు వారి పక్కన నిలబడటానికి మనం ఏర్పాటు చేసుకున్నదేమీ లేదు.

బుద్ధుడు సంఘాన్ని ఒక భావనగా వదిలిపెట్టలేదు. వజ్జీలు ఎందుకు ఓడిపోరో చెబుతూ ఆయన ఎంచిన మొదటి కారణం, వారు తరచుగా సమావేశమవుతారన్నది. రెండోది, కలిసి కూర్చుని కలిసి లేస్తారన్నది. సైన్యం గురించో కోటల గురించో కాదు, కూడిక గురించి. శాక్య రాకుమారులు దీక్షకు వచ్చినప్పుడు మంగలి ఉపాలికి ముందుగా దీక్ష ఇచ్చారు. రాకుమారులు అతనికి వంగి నమస్కరించవలసి వచ్చింది. సభలో ఆసనాలు, తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు వంటి నియమాలు భిక్షు సంఘాలకు తెలుసని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గుర్తుచేశారు. సమానత్వం ఆ సంఘంలో ఉపన్యాసం కాదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఎవరికి నమస్కరించాలి అన్న నియమం.

అందుచేత నా ప్రతిపాదనలు చిన్నవి. వారానికి ఒకసారి, ఆదివారమే కానక్కరలేదు, పది కుటుంబాలు ఒక ఇంట్లో కూడాలి. ఒక వారం మాలపల్లెలో, మరో వారం మాదిగపల్లెలో, ఆపై రెల్లి, యానాది, ఎరుకల, బెస్త కుటుంబాల ఇళ్లలో. పాళీ వందన తరువాత దాని అర్థం తెలుగులో చెప్పుకోవాలి. ఉపన్యాసం పది నిమిషాలకు మించకూడదు. ఈ నియమం ముందుగా నాబోటివారికి. గ్రంథం నుంచి రెండు పేజీలు పిల్లల చేత చదివించాలి. వంట, వడ్డన, గిన్నెలు మగవాళ్లతో సహా అందరికీ వంతులు. సూర్యలంకలో మేము త్రిశరణం చెబుతున్నంతసేపూ వంట దగ్గర ఉన్నది స్త్రీలే. నా విద్యార్థిని ఒకామె చెప్పేదాకా ఆ సంగతి నాకు తోచలేదు. నెలకు కొంత చొప్పున ఒక ఉమ్మడి నిధి, రోగానికీ మరణానికీ. శ్మశాన స్థలం లేని పల్లెలలో దానికోసం కలిసి పోరాటం. వీటన్నిటికంటె ముందు ఒక హాజరు పుస్తకం. ఎవరు రాలేదో తెలుసుకోవడానికి, వారి ఇంటికి వెళ్లడానికి.

ప్రభుత్వాలు బౌద్ధాన్ని పర్యాటక పటంలో చేర్చాయి. విగ్రహాలు లేచాయి, ఉద్యానాలు వచ్చాయి. వాటితో నాకు తగాదా లేదు. కానీ భట్టిప్రోలు దిబ్బ చుట్టూ వేసిన కంచె లోపల ఉన్నది ఇటుకలే. కరండం మీద పేర్లు చెక్కించుకున్న ఆ గోష్ఠి కంచె లోపల దొరకదు. దాన్ని మనమే కట్టుకోవాలి.

బౌద్ధ గ్రంథాలలో ఒక పోలిక ఉంది. మహానదులు సముద్రాన్ని చేరాక తమ పాత పేర్లు విడిచిపెడతాయి. సంఘంలో చేరినవారు కులం పేర్లు అలాగే విడిచిపెడతారని. సూర్యలంకలో కూర్చుని ఆ పోలిక చెప్పడం చాలా తేలిక. రేపల్లె దిగువన కృష్ణ సముద్రంలో కలిసేది అక్కడికి ఎంతో దూరం కాదు. కానీ నది సముద్రాన్ని చేరడానికి వందల మైళ్లు ప్రవహిస్తుంది. మనం ప్రవహించకుండానే పేర్లు పోయాయని ప్రకటించుకుంటున్నాం.

అతిసారంతో తన మలంలోనే పడివున్న ఒక భిక్షువును ఎవరూ పట్టించుకోకపోతే, బుద్ధుడు ఆనందునితో కలిసి అతణ్ని స్వయంగా కడిగి, పడుకోబెట్టి, తరువాత సంఘాన్ని సమావేశపరచి అడిగాడు: తల్లీ తండ్రీ దగ్గర లేని మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని. ఆ వృద్ధురాలు నన్ను అడిగింది ఇదే ప్రశ్న.

ఆషాఢ పౌర్ణమికి మళ్లీ కూడాం. ఈసారి సముద్రపు ఒడ్డున కాదు, బాపట్లలో ఒక ఇంటి వరండాలో, పదిహేను మందిమి. ఆమె రాలేదు. ఉపన్యాసం మానుకుని నేనూ ఇద్దరు విద్యార్థులూ ఆమె పల్లెకు వెళ్లాం. మోకాళ్ల నొప్పితో మంచం మీద ఉంది. మాకంటె ముందే పాస్టరమ్మ వచ్చి, కూర్చుని ఉంది. మాకూ టీ ఇచ్చారు. ఐదుగురం చాలాసేపు మాట్లాడుకున్నాం. లేచి వస్తుంటే ఆమె, "మళ్లీ ఎప్పుడొస్తారు నాయనా?" అని అడిగింది. వచ్చే వారమని చెప్పాను. అప్పటి నుంచి వెళ్తూనే ఉన్నాం.

మన సంఘం ఇప్పటికి అంతే. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.